చుంచెలుకలో డైసర్ జన్యువు పని ఏమిటి? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట సర్దుకుందాం. తెలుగులో మనం చిన్నదాన్నీ పెద్దదాన్నీ కలిపి ఎలుక అనేస్తాం. ఇవాళ మాట్లాడబోయేది ల్యాబులో మౌస్ అనే చిన్నదాని గురించి, అంటే చుంచెలుక. ఈ జన్యువు విషయంలో ఏ జంతువు గురించి చెబుతున్నామో, అందులో ఏ కణం గురించి చెబుతున్నామో ముందే తేల్చుకోకపోతే జవాబు తప్పుతుంది. అదెలాగో ఒక గంటలో చూద్దాం.

డైసర్ అనే పేరు 2001లో వచ్చింది. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలలో గ్రెగ్ హానన్ బృందంలో ఎమిలీ బెర్న్‌స్టైన్, స్కాట్ హామండ్ తదితరులు పండ్ల ఈగ కణాల్లో రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని ఒకే కొలతకు ముక్కలు చేసే ఎంజైమును పట్టుకుని దానికి పెట్టిన పేరు అది. కూరగాయల్ని చతురస్రంగా తరగడాన్ని ఇంగ్లీషులో డైసింగ్ అంటారు, అక్కణ్ణుంచి వచ్చింది. చుంచెలుకలో దీని జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రోటీను చాలా పెద్దది, సుమారు 1,900 అమైనో ఆమ్లాలు.

ఈ బొమ్మ చూడండి. ప్రోటీను ఆరంభంలో హెలికేస్ భాగం, మధ్యలో పాజ్ అనే జేబు, చివర్లో ఆర్‌ఎన్‌ఏజ్ త్రీ రకం బ్లేళ్లు రెండు ఉంటాయి. వాటిని త్రీ-ఎ, త్రీ-బి అంటాం. జడపిన్నులా వంగి ఉన్న 60, 70 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ వస్తుంది. దాని తెగిన కొసను పాజ్ జేబు పట్టుకుంటుంది. జేబుకీ బ్లేళ్లకీ మధ్య దూరం మారదు కాబట్టి ముక్క ఎప్పుడూ దాదాపు 22 అక్షరాలే వస్తుంది. దర్జీ బల్ల అంచుకు గుడ్డ ఆనించి, గుర్తు దగ్గర కత్తిరిస్తాడే, అలాగన్నమాట. రెండు బ్లేళ్లూ చెరో పేటనూ కోస్తాయి. ఆర్‌ఎన్‌ఏ మొదలును 5 ప్రైమ్ అనీ, చివరను 3 ప్రైమ్ అనీ అంటాం. జడపిన్ను 3 ప్రైమ్ వైపు కాలును త్రీ-ఎ, 5 ప్రైమ్ వైపు కాలును త్రీ-బి. ఈ పంపకం గుర్తుపెట్టుకోండి, చివర్లో క్యాన్సర్ దగ్గర మళ్లీ కావాలి. కోత పడ్డాక రెండు అక్షరాల తోక బయటికి మిగులుతుంది. ఈ ముక్కలో ఒక పేటే మైక్రోఆర్‌ఎన్‌ఏ. ఆర్గోనాట్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుని, దానికి జతపడే ఎంఆర్‌ఎన్‌ఏలను, అంటే ప్రోటీను తయారీకి జన్యువు పంపే సందేశాలను, అణచిపెడుతుంది. బ్లేళ్ల దగ్గర మెగ్నీషియం అయాన్లు లేకపోతే కోతే లేదు.

ఈ విషయాన్ని ట్యూబులో చూడటం తేలిక. 5 ప్రైమ్ కొసకు రేడియోధార్మిక ఫాస్ఫేటు తగిలించిన లెట్-7 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ జడపిన్నును తీసుకోవాలి. 95 డిగ్రీల్లో ఒక నిమిషం కాచి చల్లార్చి మడత పడనివ్వాలి. 7.5 పీహెచ్ ట్రిస్ బఫర్‌లో 2, 3 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు వేసి, ఎంజైము కలిపి, 37 డిగ్రీల్లో అరగంట నుంచి గంట ఉంచాలి. ఫార్మమైడుతో ఆపేసి ముక్కల్ని పొడవును బట్టి విడదీసే 15 శాతం యూరియా జెల్ మీద నడిపితే మామూలు ఎంజైముకు 22 దగ్గర గీత వస్తుంది. త్రీ-బి బ్లేడు పాడుచేసిన ఎంజైము వేస్తే లేబుల్ 22 దగ్గరికి రాదు, 40కి పైన ఎక్కడో ఆగుతుంది. ఎందుకంటే 3 ప్రైమ్ కాలు తెగిపోయింది కానీ, లేబుల్ ఉన్న కాలు వంపుతో కలిసే మిగిలింది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, ఆర్‌ఎన్‌ఏని చిక్కగా ఉంచి చల్లారబెడతారు. అప్పుడు అది తనలో తాను మడత పడకుండా పక్కదానితో జత కడుతుంది, డైసర్‌కి వేరే సరుకు అందుతుంది. పలచగా ఉంచి కాచండి. ఇంకోటి, ఎంజైము వేయని ట్యూబులో కూడా ముక్కలు కనబడితే అది కోత కాదు, చేతుల మీద ఉండి ఆర్‌ఎన్‌ఏని తినేసే ఆర్‌ఎన్‌ఏజ్. ఆ జెల్ పారేయండి.

సరే, ట్యూబులో పని తెలిసింది. జంతువులో పని ఏమిటి? జన్యువును తీసేసి చూడటమే మొదటి ఆలోచన. 2003లో అదే చేశారు. డైసర్ లేని పిండాలు 7.5వ రోజు దాటి బతకలేదు. ఆ రోజుకు దొరికినవి కూడా చిన్నగా, ఆకారం లేకుండా ఉన్నాయి. శరీరపు ముందు వెనకలు ఏర్పడే దశలో వెలగాల్సిన బ్రాకియూరీ జన్యువు వాటిలో వెలగలేదు. మూలకణాల సంఖ్య పడిపోయింది. చుంచెలుక గర్భం సుమారు 19 రోజులు కాబట్టి సగం దారి కూడా రాలేదు.

దీన్నుంచి మనకు తెలిసిందేమిటి? డైసర్ అవసరమని. ఎందుకు అవసరమో తెలీదు. ఇంటి మెయిన్ స్విచ్ ఆపేస్తే ఫ్రిజ్ ఆగింది కాబట్టి మెయిన్ స్విచ్ పని చల్లబరచడమే అన్నట్టు ఉంటుంది. చిన్న ఆర్‌ఎన్‌ఏలు వందల రకాలు, అన్నీ ఒకేసారి పోయాయి. వాటిలో దేనివల్ల పిండం పోయిందో ఈ ప్రయోగం చెప్పలేదు. నాకౌట్ చేశాం, అంటే జన్యువు తీసేశాం, చచ్చిపోయింది, కాబట్టి ముఖ్యమైన జన్యువు అని ముగించే పేపర్లంటే నాకు పెద్ద గౌరవం లేదు.

అందుకే షరతుతో తీసేసే పద్ధతి. జన్యువులో ఒక ఎగ్జానుకు, అంటే ప్రోటీనులో కొంత భాగాన్ని రాసే ముక్కకు, అటూ ఇటూ లాక్స్‌పీ గుర్తులు పెడతారు. క్రీ అనే ఎంజైము ఉన్న కణంలో మాత్రమే ఆ ఎగ్జాన్ ఎగిరిపోతుంది. అందరూ ఎక్కువగా వాడే డైసర్ ఎలుక 2005లో క్లిఫ్ టాబిన్ ల్యాబు నుంచి బ్రయన్ హార్ఫ్ తదితరులు చేసినది. త్రీ-బి బ్లేడులో చాలా భాగం రాసే ఎగ్జానును గుర్తుల మధ్య పెట్టారు. మొదటి పేపర్లో దాన్ని 24వ ఎగ్జాన్ అన్నారు, ఇప్పుడు కొందరు 23 అని రాస్తారు. రెండు వేర్వేరు ఎలుకలనుకోకండి. వాళ్లు కాళ్ల మొగ్గల్లో దాన్ని తీసేశారు. కాళ్లు కురచగా వచ్చాయి, కణాలు చాలా చచ్చాయి, అయినా వేళ్ల అమరిక పెద్దగా చెడలేదు. యాంటీబాడీలు చేసే బీ కణాల్లో తీస్తే వాటి ఎదుగుదల ప్రో-బీ దశ నుంచి ప్రీ-బీ దశకు వెళ్లేచోట ఆగింది. అక్కడ చావును ప్రేరేపించే బిమ్ ప్రోటీను పెరిగిపోయిందని, బిమ్‌ను కూడా తీసేస్తే కొంత కోలుకుంటాయని 2008లో చూపించారు. చిన్నమెదడులో పుర్కింజే అనే నాడీకణాల్లో తీస్తే వెంటనే ఏమీ కాలేదు. చిన్న ఆర్‌ఎన్‌ఏలు మెల్లగా తగ్గి, తర్వాత కణాలు రాలిపోయి, చివరికి ఎలుక తూలడం మొదలుపెట్టింది.

ఈ ఆలస్యం దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. క్రీ పనిచేసిన రోజునే డైసర్ పని ఆగిపోదు. జన్యువు పోతుంది, కానీ అప్పటికే ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రోటీను ఉంటాయి. ప్రోటీను పోయాక కూడా అది కోసిపెట్టిన మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఆర్గోనాట్ ప్రోటీను పట్టులో చాలా రోజులు నిలబడతాయి. కుళాయి కట్టేసినా ట్యాంకులో నీళ్లున్నట్టే. కణం విడిపోతూ ఉంటే పలచబడి త్వరగా తగ్గుతాయి. నాడీకణం విడిపోదు కాబట్టి వారాలు పడుతుంది. జన్యువు పోయింది, లక్షణం లేదు అని రాసేముందు మైక్రోఆర్‌ఎన్‌ఏ నిజంగా తగ్గిందా అని కొలవాలి. కొలిచేటప్పుడు దేనితో పోల్చాలి? మిర్-16 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏతో పోల్చకండి, డైసర్ పోతే అదీ తగ్గుతుంది. డైసర్‌తో సంబంధం లేని యూ6తోనో, స్నో-ఆర్‌ఎన్‌ఏ 202తోనో పోల్చండి. ఎర్రరక్తకణాల వంశంలో పనిచేసేవాళ్లకు మిర్-451 ఉంది. దాన్ని డైసర్ కోయదు, ఆర్గోనాట్-2 కోస్తుంది. మిగతావన్నీ పడిపోయి అది నిలబడితే మీ ప్రయోగం సరిగా నడుస్తోందని అర్థం.

జన్యురకం చూడటానికి డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్‌లోనూ ఒక చిక్కుంది. ఈ హార్ఫ్ ఎలుకకు మామూలు జన్యువు 351 అక్షర జతల గీత ఇస్తుంది, లాక్స్‌పీ ఉన్నది 420. తేడా 69 జతలు మాత్రమే. 1 శాతం అగరోజ్ మీద రెండూ కలిసిపోయి ఒకటే లావు గీతలా కనబడతాయి. 2.5 శాతం పోసి, తాపీగా నడపండి. అసలు చిక్కు వేరే ఉంది. తోక ముక్కలో 420 గీత ఒక్కటే వచ్చింది, రెండు ప్రతులకూ లాక్స్‌పీ ఉందని రాసేస్తారు. ఒక ప్రతి ఎప్పుడో ముందు తరంలోనే ఎగిరిపోయి ఉంటే? ఎగిరిపోయిన ప్రతి ఈ ప్రైమర్లకు, అంటే నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు, కనబడదు. అప్పుడు కూడా 420 ఒక్కటే వస్తుంది. ఆ ఎలుక ఒళ్లంతా సగం డైసర్‌తోనే ఉంటుంది, మీరేమో దాన్ని కంట్రోల్‌గా వాడతారు. కాబట్టి ఎగ్జాన్ పోయినచోటును దాటి ఉండే మూడో ప్రైమరు కూడా వేసి, ఎగిరిన ప్రతిని విడిగా చూడండి. అలాగే ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచేటప్పుడు ప్రైమరు ఒకటి ఆ పోయే ఎగ్జానులోనే ఉండాలి. మిగతా ఎగ్జాన్ల నుంచి పనికిరాని ఎంఆర్‌ఎన్‌ఏ తయారవుతూనే ఉండొచ్చు.

ఇప్పుడు అండం దగ్గరికి వద్దాం. ఇవాళ్టి అసలు విషయం ఇదే.

అండం పెరిగే దశలో మాత్రమే పనిచేసే జెడ్‌పీ3-క్రీ అనే ఎలుక ఉంది. దానితో డైసర్ తీసేస్తే ఆడ ఎలుకలు గొడ్డుబోతాయి. 2007లో రెండు బృందాలు చూపించాయి. అండం చూడటానికి బాగానే పెరుగుతుంది. మయోసిస్, అంటే క్రోమోజోములను సగం చేసే విభజన, మొదలుపెట్టి మొదటి విభజనలో చిక్కుకుంటుంది. క్రోమోజోములను లాగే కండె వంకరగా, ఒక్కోసారి రెండుకు మించిన ధ్రువాలతో వస్తుంది.

ఈ ఎలుకల్ని పెంచేటప్పుడు క్రీ తండ్రి వైపు నుంచే రావాలి. తల్లికి క్రీ ఉంటే ఆమె అండాల్లో జన్యువు ముందే ఎగిరిపోతుంది, ఇందాక చెప్పిన కనబడని ప్రతి అలాగే పుడుతుంది. తండ్రికి క్రీతో పాటు ఒక ప్రతి లాక్స్‌పీ, తల్లికి రెండూ లాక్స్‌పీ అనుకోండి. పిల్లల్లో నాలుగో వంతు మనకు కావలసిన రకం, అందులో సగమే ఆడవి. అంటే ఎనిమిదింట ఒకటి. ఒక కాన్పుకు ఏడు పిల్లలు వేసుకున్నా కాన్పుకు ఒకటి గ్యారంటీ లేదు. మన దేశంలో సంస్థ జంతు నైతిక కమిటీకి ఎన్ని ఎలుకలు కావాలో ముందే రాసివ్వాలి కదా, ఈ లెక్క అక్కడే వేసుకోండి. తర్వాత మళ్లీ అనుమతికి వెళ్లడం పెద్ద తలనొప్పి.

అండాలు తీసే పద్ధతి: మూడు వారాలు దాటిన ఆడ ఎలుకకు పీఎంఎస్‌జీ హార్మోను 5 యూనిట్లు కడుపులోకి ఎక్కించాలి. 44 నుంచి 48 గంటల తర్వాత అండాశయాలు తీసి, ఎం2 ద్రావణంలో ఉంచి సన్నటి సూదితో పొడవాలి. ద్రావణంలో 0.2 మిల్లీమోలార్ ఐబీఎంఎక్స్ ముందే కలిపి ఉండాలి, లేకపోతే మీరు ఏరుతూ ఉండగానే అండాలు మయోసిస్ మొదలుపెట్టేస్తాయి, ఏది ఎప్పుడు మొదలైందో తెలీదు. అండం 80 మైక్రాన్లు ఉంటుంది, దానికి కొంచెం పెద్ద మూతి ఉన్న గాజు పిపెట్‌లోకి లాగి వదులుతూ చుట్టూ అంటుకున్న క్యుములస్ కణాల్ని రాల్చాలి. తర్వాత ఐబీఎంఎక్స్ లేని చుక్కల్లోకి నాలుగైదుసార్లు మార్చి కడిగి, నూనె కింద ఎం16 పోషక ద్రావణంలో 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడులో పెట్టాలి. రెండు గంటల్లో కేంద్రకపు పొర కరగాలి. కరగనివాటిని పక్కన పెట్టేయండి. ఎనిమిది గంటలకు మొదటి విభజన కండె కనబడుతుంది, పదహారు గంటలకు మామూలు అండం సగం క్రోమోజోములున్న ధ్రువదేహం అనే చిన్న కణాన్ని బయటికి నెట్టేస్తుంది. డైసర్ లేనివాటిలో పొర కరుగుతుంది, ధ్రువదేహం మాత్రం చాలావాటికి రాదు.

కండెను రంగు వేసి చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కండె దారాలైన మైక్రోట్యూబ్యూల్స్‌కి చలి పడదు. ఏసీ గదిలో మైక్రోస్కోపు బల్ల మీద ఐదు నిమిషాలు మరిచిపోయినా, ఫ్రిజ్‌లోంచి తీసిన పారాఫార్మాల్డిహైడు పోసినా మంచి అండంలో కూడా కండె కరిగిపోతుంది. నాకౌట్‌లో కండె చెడిపోయిందని మీరు సంబరపడతారు. ఫిక్సేటివ్‌ను, అంటే అండాన్ని ఉన్నదున్నట్టు నిలిపే ఆ పారాఫార్మాల్డిహైడును, 37 డిగ్రీలకు వేడిచేసి పోయండి. కంట్రోల్ అండాలు, నాకౌట్ అండాలు ఒకే డిష్‌లో పక్కపక్క చుక్కల్లో ఉంటే ఇంకా మంచిది.

ఆర్‌ఎన్‌ఏ తీయాలంటే ఒక్కో అండంలో ఉండేది సుమారు అర నానోగ్రాము. పాతికో యాభయ్యో కలపాలి. అందులో పది అండాలకు క్యుములస్ కణాలు అతుక్కుని ఉన్నా చాలు, వాటిలో డైసర్ నిక్షేపంగా ఉంటుంది, మైక్రోఆర్‌ఎన్‌ఏలు దండిగా ఉంటాయి, మీ నాకౌట్ నాకౌట్‌లా కనబడదు. ఇంకా, కొలతను నానోగ్రాముకు కాకుండా అండానికింత అని లెక్కగట్టండి. లైసిస్ చేసేటప్పుడే బయటి ఆర్‌ఎన్‌ఏని తెలిసిన పరిమాణంలో కలిపితే అది వీలవుతుంది.

సరే, అండం ఆగిపోయింది. కారణం మైక్రోఆర్‌ఎన్‌ఏలు లేకపోవడమే అని అప్పట్లో ఎవరైనా అనుకుంటారు. పరీక్షించే దారి ఉంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ తయారీలో డైసర్‌కి ముందు మెట్టు ఒకటుంది, కేంద్రకంలో డ్రోషా, డీజీసీఆర్8 కలిసి పొడుగు ఆర్‌ఎన్‌ఏలోంచి జడపిన్నును కోస్తాయి. డీజీసీఆర్8 తీసేస్తే మైక్రోఆర్‌ఎన్‌ఏలు పోతాయి, డైసర్ మాత్రం ఉంటుంది. 2010లో అండంలో ఆ పని చేశారు. అండాలు మామూలుగా పక్వమయ్యాయి, పిల్లలు పుట్టాయి. ఎంఆర్‌ఎన్‌ఏల జాబితా కూడా దాదాపు మామూలు అండంలానే ఉంది. అంటే చుంచెలుక అండానికి మైక్రోఆర్‌ఎన్‌ఏలతో పెద్ద పని లేదు!

మరి డైసర్ ఏం కోస్తోంది? పొడుగాటి రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని. 2008లో ఆ ముక్కలు అండంలో దొరికాయి, వాటిని ఎండో-ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలు అంటాం. కొన్ని రెట్రోట్రాన్స్‌పోజాన్ల నుంచి, అంటే తమ నకళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతించే డీఎన్‌ఏ ముక్కల నుంచి, వస్తాయి. కొన్ని ఇంకా విచిత్రంగా, చచ్చిన జన్యువు అనుకునే సూడోజీన్ ఎదురుదిశలో చదవబడి, అసలు జన్యువు ఆర్‌ఎన్‌ఏతో జతపడటం వల్ల వస్తాయి. హెచ్‌డీఏసీ1, రాన్‌గ్యాప్1 అలాంటి జన్యువులే. రాన్ అనే ప్రోటీను నడిపే దారి కండె అల్లికకు అవసరమైనది. డైసర్ పోతే ఈ లక్ష్యాలన్నీ అదుపు తప్పుతాయి, కండె చెడటానికి దారి అక్కడుంది. ఇంకో వైపు నుంచి కూడా రుజువు వచ్చింది. ఆర్గోనాట్-2 ప్రోటీనును ఉంచి దాని కోసే శక్తిని మాత్రం తీసేస్తే, అండం మళ్లీ అలాగే చెడింది. 2015 పేపరు. కాబట్టి పోయినది కోత, ఎంఆర్‌ఎన్‌ఏ మీద మామూలు మైక్రోఆర్‌ఎన్‌ఏ అదుపు కాదు.

అయితే మిగతా కణాల్లో డైసర్ ఈ పొడుగు ఆర్‌ఎన్‌ఏని ఎందుకు సరిగా కోయదు? హెలికేస్ భాగం అడ్డం. అది జడపిన్ను లాంటి సరుకును సరిచూసే గేటులా పనిచేస్తుంది, పొడుగు రెండు పేటలది వస్తే పని మెల్లగా సాగుతుంది. 2013లో ప్రాగ్‌లో పీటర్ స్వొబొదా బృందం చూపింది ఇదీ: చుంచెలుక డైసర్ జన్యువు 6వ ఇంట్రాన్‌లో, అంటే రెండు ఎగ్జాన్ల మధ్య భాగంలో, ఎంటీ-సి అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ ఒకటి వచ్చి కూర్చుంది. దానికి అండంలో మేలుకునే ప్రమోటరు, అంటే జన్యువును చదవడం మొదలుపెట్టించే స్విచ్, ఉంది. అండంలో ట్రాన్‌స్క్రిప్షన్, అంటే ఆ చదవడం, మామూలు చోట కాక అక్కడ మొదలవుతుంది, అందువల్ల హెలికేస్ ముందు భాగం లేని పొట్టి డైసర్ తయారవుతుంది. దీన్ని డైసర్-ఓ అన్నారు. గేటు లేదు, పొడుగుది వస్తే చకచకా తరిగేస్తుంది. ఆ ఎంటీ-సి ముక్కను మాత్రమే తీసేస్తే పొడుగు డైసర్ జన్యువుకు ఏమీ కాదు, అయినా ఆడ ఎలుకలు గొడ్డుబోయాయి, కండెలు అలాగే చెడ్డాయి. ఎక్కణ్ణుంచో గెంతివచ్చిన పరాన్నజీవి లాంటి డీఎన్‌ఏ వచ్చి, తన జాతివాళ్లను తరిగే కత్తికి సాన పట్టింది. జీవశాస్త్రంలో నాకు ఇంతకన్నా ముచ్చటైన విషయం తక్కువ.

ఎంటీ-సి ఎలుకల కుటుంబంలోనే ఉంది. మనిషి అండంలో లేదు, ఆవు అండంలో లేదు. కాబట్టి చుంచెలుక ఫలితం చూపించి స్త్రీల వంధ్యత్వానికి డైసర్ కారణమని ప్రాజెక్టు రాస్తే, సమీక్షకుడు అక్కడే ఆపుతాడు, ఆపాలి కూడా.

మనిషిలో డైసర్ సంగతి వేరు, త్వరగా చెప్పేస్తాను. 2009లో పిల్లల ఊపిరితిత్తుల్లో వచ్చే ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉన్న కుటుంబాల్లో డైసర్1 మ్యుటేషన్లు దొరికాయి. పుట్టుకతో ఒక ప్రతి పాడై ఉంటుంది. కణితిలో రెండో ప్రతి మొత్తం పోదు, త్రీ-బి బ్లేడులో 1705, 1709, 1809, 1810, 1813 స్థానాల్లో ఒకచోట దెబ్బ తింటుంది. ఇందాకటి జెల్ గుర్తుందా? 5 ప్రైమ్ కాలు తెగదు. లెట్-7 లాంటి కణితి నిరోధకాలు ఆ కాలు నుంచే వస్తాయి, అవి పోతాయి. మొత్తం డైసర్ పోతే కణితి కణం కూడా సరిగా బతకలేదు, ఒక బ్లేడు మొద్దుబారితే మాత్రం దానికి లాభం. చుంచెలుకలో కూడా ఒక ప్రతి పోతే కణితులు పెరుగుతాయని, రెండూ పోతే అంత పెరగవని అదే ఏడాది చూపించారు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మగ ఎలుకల్లో డైసర్ తీస్తే?

శుక్రకణాల తయారీ దెబ్బతింటుంది. అక్కడ పొట్టి డైసర్ కథ లేదు, మైక్రోఆర్‌ఎన్‌ఏల లోటునే ముందు అనుమానించాలి. వృషణంలో దండిగా ఉండే పై-ఆర్‌ఎన్‌ఏలకు మాత్రం డైసర్ అక్కర్లేదు, వాటి తయారీ వేరే. సీక్వెన్సింగ్ చేసినప్పుడు చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఇంకా చాలా ఉన్నాయేమిటని కంగారు పడకండి. పొడవు చూడండి, 26 నుంచి 31 అక్షరాలుంటే అవి పై-ఆర్‌ఎన్‌ఏలు.

ప్రశ్న: మామూలు కణాల్లో పొడుగు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ వేస్తే ఏమవుతుందండీ?

వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అలారం మోగుతుంది, పీకేఆర్ అనే ఎంజైము మేలుకుని ప్రోటీన్ల తయారీ మొత్తం ఆపేస్తుంది. అండంలో ఆ అలారం మందకొడి. అందుకే 2000లోనే పొడుగు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని అండంలోకి ఇంజెక్టు చేసి మోస్ జన్యువును అణచగలిగారు. అదే పని మీరు ఫైబ్రోబ్లాస్టుల్లాంటి మామూలు కణాల్లో చేస్తే కణాలు చస్తాయి, చావుకు మీ జన్యువు కారణమనుకుంటారు. ఫైబ్రోబ్లాస్టులకు 21 అక్షరాల ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వాడండి, దానికి జతగా ఏ జన్యువుకూ తగలని కంట్రోల్ ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ కూడా అంతే మోతాదులో వేయండి.